అప్పలలక్ష్మి పెన్ను మూసిన మంగళవారం

మా ఆఫీసులో అప్పలలక్ష్మి ఉద్యోగం కాగితం మీద ‘ఆఫీసు అసిస్టెంటు’. ఫైళ్ళు సర్దుతుంది, ఫోన్లెత్తుతుంది, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిస్తుంది. అవన్నీ ఎవరైనా చేస్తారు. నెలలో మొదటి మంగళవారం జరిగే మీటింగులో మినిట్స్ రాయడం మాత్రం పంతొమ్మిదేళ్ళుగా ఆమె తప్ప ఎవరూ చేయలేదు. ఆమెకి జ్వరమొస్తే మీటింగే వాయిదా వేశాం గానీ పుస్తకం ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

మాది జీడిపిక్కల రైతుల సంఘం. నర్సీపట్నంలో అబీద్ సెంటర్ దాటాక ఒక మేడ మీద రెండు గదులు, కింద గోడౌను. ఆ గోడౌనుకి నేను ఇన్‌ఛార్జిని, నా పేరు ధర్మారావు. మాకవరపాలెం, రావికమతం వైపు మైదానం రైతులూ, కృష్ణదేవిపేట దాటాక కొండ ఊళ్ళ రైతులూ మాకు సభ్యులు. మాలాంటి సంఘాలు ఏడింటిని విశాఖపట్నంలో ఉన్న హెడ్డాఫీసు చూసుకుంటుంది. జీతాలిచ్చేది వాళ్ళే గనక ఆఖరి మాట కూడా వాళ్ళదే.

అప్పలలక్ష్మిది రావికమతం దగ్గర పల్లె. ఇంటర్ ఒకసారి తప్పి రెండోసారి గట్టెక్కింది. దస్తూరీ మాత్రం ముత్యాల కోవ. అంతకంటే గొప్ప సంగతి, ఆమె నోట్లోంచి ఒకరి మాట ఇంకొకరికి రాదు. మా ఆవిడ దగ్గర దాచినవి కూడా నేను ఆమెకి చెప్పుకున్నాను. ‘పెదవి దాటితే పృథివి దాటుతుంది’ అంటారు గదా, ఆ సామెత ఆమె దగ్గర చెల్లదు.

మా మీటింగులకి ఒక పద్ధతి ఉంది. అది ఎలా వచ్చిందంటే, చాలా ఏళ్ళ క్రితం ఒక రైతు మీటింగులో తన అన్నని కోపంలో నాలుగు మాటలన్నాడు. అవి మినిట్స్‌లో పడ్డాయి. రెండేళ్ళకి ఎవరో ఆ పేజీ జిరాక్సు తీసి ఊళ్ళో పెద్దల ముందు పెట్టారు. అప్పటికే ఇద్దరూ ఒక కంచంలో తింటున్నారు, ఆ కాగితం చూశాక మళ్ళీ విడిపోయారు. ఆ రోజునుంచీ మా అధ్యక్షుడు నారాయణమూర్తి గారు, ఎవరైనా కడుపులో మాట చెప్పబోతుంటే, “అమ్మా లక్ష్మీ, మూత పెట్టు” అనేవారు. ఆమె ఇంకు పెన్నుకి మూత పెట్టి, పుస్తకం మీద అడ్డంగా ఉంచేది. పెన్ను అలా ఉన్నంతసేపూ ఏం మాట్లాడినా ఆ గది దాటదు. పోనుపోను ఆయన చెప్పక్కరలేకుండా ఆమే ఎదుటివాడి మొహం చూసి మూత పెట్టేది. అలా ఎన్ని కాపురాలు, ఎన్ని తగవులు ఆ బల్ల దగ్గరే చల్లారాయో లెక్కలేదు.

నిరుడు మాకు కొత్త మేనేజరు వచ్చాడు, ధర్మతేజ. అనకాపల్లి కుర్రాడు, ముప్ఫై ఏళ్ళు కూడా లేవు, అందర్నీ ‘అండీ’ అని తప్ప పిలవడు. హెడ్డాఫీసు వాళ్ళు ఏడు సంఘాలకీ ఒకటే ఏఐ అసిస్టెంటుని పెట్టారట. ఆఫీసు ఫోనులో బటన్ నొక్కితే మీటింగంతా వింటుంది, అయిపోగానే సారాంశం రాసి, ఎవరు ఏ పని చేయాలో విడగొట్టి, సభ్యుల గ్రూపుకీ హెడ్డాఫీసుకీ తనే పంపిస్తుంది. ధర్మతేజ ఆ ఫోనుని బల్ల మధ్య స్టీలు గ్లాసు బోర్లించి దానికి ఆనించి నిలబెట్టాడు.

నిజం చెప్పాలి గదా, బాగానే రాసేది. మేం ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని రాసేది, మా అరుపులన్నీ రేడియోలో వార్తల్లాగా అయిపోయేవి. మీటింగుకి రాని రైతులు కూడా చదువుకుని ఫోన్లు చేసేవారు. పనులు కూడా తెమిలాయి, కాదనను. నాకే రెండుసార్లు ‘ధర్మారావు గారు గోడౌను కప్పు లీకేజీ చూడవలసి ఉంది’ అని పడింది. మూడోసారి పడకుండా చూసుకున్నాను.

అప్పలలక్ష్మికి బాధ కలిగిందా అంటే కలిగింది. పైకి అనలేదు. నారాయణమూర్తి గారు, “పుస్తకం కూడా ఉండనీండి బాబూ, మనసొప్పదు” అన్నారు. సరే, రెండూ ఉన్నాయి. ఫోను మొదలుపెట్టే పనీ, ఆపే పనీ ఆమెకే అప్పగించాడు ధర్మతేజ. మధ్యలో ఆపాలంటే ఏ గుర్తు నొక్కాలో కూడా మూడుసార్లు చూపించాడు. ఆమె తల ఊపింది. నాలుగు నెలలు ఆ అవసరమే పడలేదు.

ఫిబ్రవరి మీటింగునాడు ధర్మతేజ ట్రైనింగుకని వైజాగ్ వెళ్ళాడు. పోతూ పోతూ, “నోట్సు వస్తాయి గదండీ, చదువుకుంటాను” అన్నాడు. బల్ల చుట్టూ పదకొండుమందిమి ఉన్నాం. పిక్కల సీజను దగ్గరపడింది గనక కొనుగోలుకి ఏ ఊళ్ళు ఎవరు తిరగాలన్న మాట వచ్చింది. కొండ ఊళ్ళు ఎప్పుడూ మత్స్యలింగానివే. అతను మా ఫీల్డు ఉద్యోగి, ఆ కొండల మనిషే. సంఘం ఇచ్చిన బండి మీద పదహారు ఊళ్ళు తిరుగుతాడు, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ ఇంట్లో ఎవరికి కోపమో అతనికి తెలుసు. ఆ రోజు అతను తల వంచుకుని కూచున్నాడు. నారాయణమూర్తి గారు, “ఏరా, పైకి ఎప్పుడెల్తావు?” అంటే బండి తాళం తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

అప్పలలక్ష్మి అతని మొహం చూసింది. పెన్నుకి మూత పెట్టింది, పుస్తకం మీద అడ్డంగా పెట్టింది. “మూసీసాను తమ్ముడూ. సెప్పు” అంది.

మత్స్యలింగం చెప్పాడు. “నాలుగు నెల్లయ్యింది బాబుగారూ. ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోతన్నాను. కాళ్ళూ సేతులూ కొట్టుకుంటన్నాయంట. మూర్ఛ అన్నాడు డాక్టరు. మందులేసుకుంటన్నాను. బండి తోలొద్దన్నాడు. ఇన్నాళ్ళూ ఎవులికీ సెప్పనేదు, నా ఇంట్లో కూడా సెప్పనేదు. తోలతానే ఉన్నాను. మొన్న ఘాటీ మలుపులో పడ్డాను, దేవుడి దయ, పొదల్లోకే పడ్డాను. నాకు బయమేస్తంది. కింద ఊళ్ళిప్పించండి, ఆటోల్లో తిరుగుతాను. బండి ఇచ్చీస్తాను.”

నారాయణమూర్తి గారు, “ఎర్రోడా, ముందే సెప్పొద్దేటి” అని కళ్ళు తుడుచుకున్నారు. అయిదు నిమిషాల్లో అంతా సర్దేశాం. ఇన్నాళ్ళూ కింద ఊళ్ళు తిరిగే లోవరాజు కొండ ఊళ్ళకి, మత్స్యలింగం మాకవరపాలెం వైపు ఊళ్ళకి. బండి తాళం మత్స్యలింగం అక్కడే బల్ల మీద పెట్టేశాడు. అప్పలలక్ష్మి అప్పుడు మూత తీసి, ‘లోవరాజు, మత్స్యలింగం పరస్పర అంగీకారంతో ఊళ్ళు మార్చుకొనుటకు తీర్మానించడమైనది’ అని రాసింది. మా పద్ధతి అదీ. అబద్ధం లేదు, పరువూ పోదు.

గ్లాసుకి ఆనించిన ఫోను మా కళ్ళెదురుగానే ఉంది. పదకొండుమందిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఇన్నేళ్ళుగా పెన్ను మూస్తే చాలు అనుకున్నవాళ్ళం, ఆ రోజూ అదే అనుకున్నాం. నాకూ కళ్ళున్నాయి, నేనూ చూడలేదు. ఆమె ఒక్కదాన్నే తిట్టే హక్కు ఆ గదిలో ఎవరికీ లేదు.

మీటింగయింది. ఆమె ఫోను ఆపింది. మెట్లు దిగి కింద గోడౌను అరుగు మీద టీలు తాగుతున్నాం. మత్స్యలింగం ఎన్నాళ్ళకో నవ్వాడు, లోవరాజుకి ఏ ఊళ్ళో ఎవరింట భోజనం బాగుంటుందో చెబుతున్నాడు. అంతలో అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. అతనిదీ మోగింది.

నేను ముందు చదివాను. ‘మూడవ అంశం: శ్రీ మత్స్యలింగం తనకు మూర్ఛ వ్యాధి ఉన్నట్టు, నాలుగు నెలలుగా సంస్థకు తెలియజేయకుండా సంస్థ వాహనం నడిపినట్టు, ఇటీవల ఘాట్ రోడ్డుపై ప్రమాదానికి గురైనట్టు అంగీకరించారు. చర్యలు: వైద్య ధ్రువీకరణ, వాహన బాధ్యతపై హెడ్డాఫీసు నిర్ణయం. లోవరాజుతో ఊళ్ళ మార్పు ప్రతిపాదించారు.’

ఒక్క అక్షరం తప్పు లేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. అంగీకరించాడట! దొంగ పోలీసుల ముందు ఒప్పుకున్నట్టు.

మత్స్యలింగం మెల్లగా, వేలు పెట్టి చదువుకున్నాడు. చదివి టీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. అప్పలలక్ష్మి వైపు చూసి, “నువ్వు మూసీసానన్నావు గదక్కా” అన్నాడు. అంతే. కృష్ణదేవిపేట ఆటో వెళ్ళిపోతోంది, ఎక్కి వెళ్ళిపోయాడు. ఆమె మొహం అలా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

ధర్మతేజకి అప్పుడే ఫోను చేసింది. “బాబూ, అది ఎనక్కి తీసీ. నా తప్పు అది.” అతను పాపం నిజంగానే కంగారు పడ్డాడు. “హెడ్డాఫీసుకి వెళ్ళిపోయిందండీ. వాళ్ళు చూసేశారు కూడా. ఇప్పుడు నేను తీసేస్తే రికార్డు మార్చామంటారు. దిద్దుబాటు ఏదైనా ఉంటే వచ్చే మీటింగులో చెప్పొచ్చండీ, అప్పుడు రికార్డులోకి వస్తుంది.” కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది అతని పని.

పది రోజుల్లో హెడ్డాఫీసు కాగితం వచ్చింది. ఫీల్డు పనికి పనికిరాడు గనకా, విషయం దాచాడు గనకా కాంట్రాక్టు ముగిస్తున్నాం అని. నారాయణమూర్తి గారు ఫోను చేసి బతిమాలారు, ఆటోల్లో తిరుగుతాడు, బండి మాకు ఇచ్చేశాడు అని. ‘దాచడం’ తమకి పెద్ద సమస్య అన్నారట వాళ్ళు. రేపు ఎవరినైనా గుద్దితే ఎవరిది బాధ్యత అన్నారట. ఆ మాటా అబద్ధం కాదు.

అప్పలలక్ష్మి రోజూ మత్స్యలింగానికి ఫోను చేసేది. ఎత్తేవాడు కాదు. ఒక ఆదివారం నా దగ్గరికొచ్చి, “అన్నయ్యా, ఆడి ఊరెల్దాం, నాకు తోడు రా” అంది. షేర్ ఆటోలో కృష్ణదేవిపేట దాకా, అక్కణ్ణుంచి జీపులో పైకి వెళ్ళాం. దారి మధ్యలో ఒక్కసారి ఆమె, “పంతొమ్మిదేళ్ళలో ఒక్కడికీ ఇచ్చిన మాట తప్పలేదు” అంది, నాతో కాదు, తనతోనే అనుకుంది.

మత్స్యలింగం భార్య చిట్టితల్లి ఎదురొచ్చింది. మంచం వాల్చింది, నీళ్ళిచ్చింది. తిడుతుందనుకున్నాం. ఆమె తిట్టలేదు. “మా ఊరి సంఘం మెంబరు లచ్చన్న రేషను డిపో కాడ ఆ ఫోను సదివాడమ్మా. అందరి ముందరా. నేను బియ్యానికి నిలబడ్డాను. మా ఆయనకి జబ్బని నాకప్పుడు తెలిసింది” అంది. మా పక్కన కూచుని, “తెలీక మొన్నటిదాకా జీలుగు సెట్టెక్కి కల్లు దింపనిచ్చాను. ఇప్పుడెక్కనివ్వను. మీ ఫోను సెప్పకపోతే ఏ రోజునో శవాన్ని ఎత్తుకునేదాన్ని” అంది.

అప్పలలక్ష్మి దానికి సంతోషించాలో ఏడవాలో తెలియక నీళ్ళ చెంబు పట్టుకుని అలాగే కూచుంది. నాకు కూడా ఆ ఫోనుని తిట్టే నోరు అప్పుడు పడిపోయింది.

మత్స్యలింగం ఇంటి వెనకనుంచి వచ్చాడు. చిక్కిపోయాడు. అప్పలలక్ష్మి లేచి, “తమ్ముడూ, నా వల్ల నీ ఉద్యోగం పోయింది” అంది.

“ఉద్యోగం ఎలాగూ పోద్దక్కా, బండి లేని ఫీల్డోడినెవులు ఉంచుతారు. కొన్నాళ్ళు ఎనకో ముందో” అన్నాడు. “అది కాదు నాకు. దాసానన్నారు. పదహారు ఊళ్ళలో నా మాట మీద పిక్కలిచ్చీవోరు. తూకం కూడా సూడకుండా నన్ను నమ్మీవోరు. ఇప్పుడు డిపో కాడ ‘ఈడు జబ్బే దాసినోడు, ఇంకేటి దాసాడో’ అంటన్నారు. నేను దాసినోడినైతే మీ మీటింగుకొచ్చి నోరిప్పుతానేటి? నేనే సెప్పినాను గదా. నా అంతట నేనే బండి తాళం బల్ల మీద పెట్టినాను గదా. ఆ ముక్క ఎక్కడా నేదు.”

“ఉంటాది” అంది అప్పలలక్ష్మి. “వచ్చే మీటింగులో నేనే సెప్తాను. అందరికీ ఎల్తాది. హెడ్డాఫీసుకి కూడా.”

“లచ్చన్న సదవాలి” అన్నాడు మత్స్యలింగం. “డిపో కాడే సదవాలి.”

“సదివిస్తాను.”

మార్చి మొదటి మంగళవారం వచ్చింది. అప్పలలక్ష్మి ఆ నాలుగు మాటలూ ఇంట్లో కాగితం మీద రాసుకుని, చదివి చదివి కంఠతా పట్టింది. తన కుర్చీ బల్ల మధ్యకి, ఫోను దగ్గరికి లాక్కుంది. ధర్మతేజ కూడా ఉన్నాడు. ఆమె వంతు రాగానే లేచి నిలబడింది. జీవితంలో మొదటిసారి, రాయడానికి కాక మాట్లాడటానికి నిలబడింది.

“మత్స్యలింగం ఏటీ దాసలేదు. తనంతట తనే సెప్పాడు. బండి తోలను, ఆటోల్లో తిరుగుతానని తనే అడిగాడు, తాళం తనే ఇచ్చీసాడు. పెన్ను మూసీసాను, ఇది బయటికి పోదు, సెప్పమని నేనన్నాను. ఫోను ఆపడం నా పని. నేను ఆపలేదు. మాటిచ్చి తప్పినదాన్ని నేను. దాసినోడు అన్న మాట కొట్టీయాలి. ఇది పోయినసారి ఎవులెవులికి ఎల్లిందో ఆళ్ళందరికీ ఎల్లాలి.”

నారాయణమూర్తి గారు, “అవును. మేమందరం సాక్ష్యం” అన్నారు. అందరం చేతులెత్తాం. ఆ తరువాత గోనె సంచులు, తేమ కొలిచే మిషను, లోవరాజు తిరగాల్సిన ఊళ్ళు, ఇంకో గంట నడిచింది మీటింగు.

అయిపోయాక ఆమె మెట్లు దిగలేదు. ఫోను చేత్తో పట్టుకుని అక్కడే కూచుంది. నేనూ ఆగాను. సారాంశం వచ్చింది. సంచుల గురించి ఆరు వరుసలు, తేమ మిషను గురించి నాలుగు. ఆఖరున, ‘ఇతర అంశాలు: సమావేశాలను రికార్డు చేసే విధానంపై శ్రీమతి అప్పలలక్ష్మి తమ అభిప్రాయాన్ని పంచుకున్నారు. సిబ్బంది మధ్య పరస్పర విశ్వాసం అవసరమని సభ్యులు ఏకీభవించారు. చర్యలు: లేవు.’

ఆమె రెండుసార్లు చదివింది. “బాబూ, ఇందులో మత్స్యలింగం పేరే నేదు” అంది.

ధర్మతేజ ఫోను తీసుకుని కిందికీ పైకీ జరిపాడు. “మీరన్నదంతా లోపల పూర్తి పాఠంలో ఉందండీ, మాట పోకుండా ఉంది. సారాంశంలోకి రాలేదంతే.” పూర్తి పాఠం నలభై పేజీలు. అది ఎవరూ తెరవరని అతనికీ తెలుసు. మంచివాడు, ఆమె మాటలు అక్కడినుంచి అప్పటికప్పుడు తీసి విడిగా గ్రూపులో పెట్టాడు, హెడ్డాఫీసుకీ పంపాడు. చేతులు కాలాక ఆకులే అయినా పట్టుకోవాలి గదా.

“మత్స్యలింగం సూసాడా, సూడు” అంది ఆమె.

అతను గ్రూపులో పేర్ల జాబితా కిందికంటా చూశాడు. “ఆయన్ని గ్రూపులోంచి తీసేశారండీ. కాంట్రాక్టు అయిపోయింది గదా.”

అప్పలలక్ష్మి నా ఎదురుగానే లచ్చన్నకి ఫోను చేసింది. స్పీకరులో పెట్టింది. “లచ్చన్నా, గ్రూపులో నా మాటలొచ్చాయి. పోయిన్నెల సదివినట్టే డిపో కాడ సదువు. మత్స్యలింగం దాసలేదని అందరికీ తెలియాలి. నీకు దణ్ణం పెడతాను.”

అవతల బియ్యం తూస్తున్న చప్పుడూ, జనం మాటలూ వినిపిస్తున్నాయి. మనిషి డిపో దగ్గరే ఉన్నాడు.

“అది పాత ఇసయం గదమ్మా” అన్నాడు లచ్చన్న. “ఇప్పుడెవులింటారు?”

మత్స్యలింగం బండి తాళం బల్ల మీద పెట్టి అప్పటికి ఇరవై ఎనిమిది రోజులైంది.